ఒకే బోర్డు, రెండు రకాల ఆపరేషన్లు

విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, నెల్లూరులో పొగతోట, రాజమండ్రిలో దానవాయిపేట. ఊరు ఏదైనా ఈ పేటలన్నీ ఒకేలా ఉంటాయి. రోడ్డుకి రెండు వైపులా నర్సింగ్ హోములు, వాటి మధ్య మందుల షాపులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, గేటు పక్కన కొబ్బరి బోండాల బండి. ఒకప్పుడు ఇక్కడి సర్జన్ బోర్డు మీద మొలలు, హెర్నియా, వరిబీజం, అపెండిసైటిస్, థైరాయిడ్ గడ్డలు అని ఉండేది. ఇప్పుడు అదే బోర్డు కింది సగంలో లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం), గైనకోమాస్టియా (మగవాళ్లకు పెరిగిన రొమ్ము), హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, మచ్చల తొలగింపు కూడా చేరాయి. థియేటర్ ఒకటే, నర్సులు వాళ్లే, చాలాచోట్ల మత్తు డాక్టరూ ఆయనే. కానీ బోర్డు పై సగానికి వచ్చే మనిషి, కింది సగానికి వచ్చే మనిషి డాక్టర్‌తో కుదుర్చుకునే ఒప్పందం ఒకటి కాదు.

పాత తరం వాళ్లు అపెండిసైటిస్‌ని ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అనేవారు. ఆలస్యం చేస్తే లోపల పగులుతుందన్న భయం ఆ పేరులోనే ఉంది. అలాంటి నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషికి ఆపరేషన్ గురించి ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. పొట్ట మీద మచ్చ పడినా, నెల రోజులు బరువులు ఎత్తలేకపోయినా ప్రాణం దక్కింది కదా అనుకుంటాడు. కింది సగానికి వచ్చే మనిషికి జబ్బు లేదు. తన కాళ్ల మీద నడిచి వస్తాడు, ఆపరేషన్ మానుకుని వెనక్కి వెళ్లిపోయినా ఒంటికి వచ్చే నష్టం ఏమీ ఉండదు. అందుకే అక్కడ కొలత మారాలి. జబ్బు ముదురుతున్న మనిషికి వందలో ఒక చిక్కు వచ్చే ఆపరేషన్ అయినా లాభమే కావచ్చు. జబ్బే లేని మనిషికి వెయ్యిలో ఒకటి కూడా ఎక్కువే. మత్తు, థియేటర్ శుభ్రత, డాక్టర్ చదువు, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం, ఇవన్నీ రెండో మనిషి విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి. మన ఊళ్లలో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. హెర్నియా అంటే మత్తు డాక్టర్, రక్త పరీక్షలు, గుండె పరీక్ష అన్నీ ఉంటాయి. జుట్టు అంటే మాత్రం ‘చిన్న ప్రొసీజరే కదా’ అంటారు.

ఏది వైద్యం, ఏది అందం అన్న గీతని అందరికంటే స్పష్టంగా గీసింది పన్నుల చట్టం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆసుపత్రి వైద్యానికి మినహాయింపు ఇచ్చారు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కీ, కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకీ ఆ మినహాయింపు లేదు, బిల్లు మీద 18 శాతం పన్ను పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ఎదుగుదలలో వచ్చిన తేడానో, దెబ్బ తగిలి పాడైన అవయవాన్నో తిరిగి సరిచేసే ఆపరేషన్ అయితే మళ్లీ పన్ను ఉండదు. ఆరోగ్య బీమా పాలసీల్లోనూ ఇంచుమించు ఇదే గీత కనిపిస్తుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి తప్ప కాస్మెటిక్ సర్జరీకి డబ్బు రాదు. గ్రహణం మొర్రి, కాలిన గాయాలకు చర్మం ముడుచుకుపోయి మెడ తిరగకపోవడం లాంటివి చేసేది ప్లాస్టిక్ సర్జనే అయినా అవి పై సగానికి చెందిన పనులు.

అసలు ప్లాస్టిక్ సర్జరీ పుట్టిందే పై సగంలో. తెగిన ముక్కుని చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతిని సుశ్రుతుడు చెప్పాడు. 1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కావస్జీ అనే మనిషి టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకుంటే, పుణె ప్రాంతంలో ఒక స్థానిక వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. ఆ వివరం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దాన్ని చదివి కార్ప్యూ అనే సర్జన్ ఇరవై ఏళ్ల తర్వాత, 1814లో, ఇంగ్లండులో అదే ఆపరేషన్ చేశాడు. ముక్కు లేని మనిషికి ముక్కు పెట్టడానికీ, ఉన్న ముక్కుని సన్నం చేయడానికీ వాడే నేర్పు ఒక్కటే. మారేది వచ్చిన మనిషి అవసరం.

గీత అన్నిచోట్లా ఇంత తిన్నగా ఉండదు. మన సర్జన్ల దగ్గర రోజూ జరిగే చిన్న పని ఒకటి ఉంది, తెగిన చెవి తమ్మెని కుట్టడం. ఏళ్ల తరబడి బరువైన బుట్టలు, జూకాలు పెట్టుకుంటే కమ్మ రంధ్రం సాగి సాగి ఒక రోజు తమ్మె రెండుగా చీలిపోతుంది. చంకలోని పిల్లాడు కమ్మ పట్టుకు లాగినా అంతే. పిల్లాడు లాగితే దెబ్బ అనాలి, బుట్టలు లాగితే అలంకారం అనాలి కాబోలు. పన్నుల అధికారి కూడా ఇక్కడ కాసేపు తల గోక్కోవాల్సిందే. చీలిన అంచుల మీద అప్పటికే చర్మం కప్పేసి ఉంటుంది కాబట్టి ఊరికే దగ్గరకు లాగి కుడితే అతుక్కోవు. అంచుల్ని పలచగా కోసి పచ్చిగా చేసి అప్పుడు కుట్టాలి. కొత్త రంధ్రం కొన్ని నెలలు ఆగి, పాత మచ్చ మీద కాకుండా దాని పక్కన వేయించుకోవాలి. ఛాతీ మీదో భుజం మీదో పాత గాయాలు కీలాయిడ్‌గా, అంటే ఉబ్బెత్తు మచ్చగా లేచిన చరిత్ర ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, తమ్మె మీద కూడా అలాగే గడ్డ లేవవచ్చు. అరగంట పని, మత్తు ఇంజక్షన్ ఆ తమ్మె వరకే, ప్రమాదం దాదాపు ఏమీ లేదు. ఊరి నర్సింగ్ హోమ్‌లో నిశ్చింతగా చేయించుకోదగ్గ కాస్మెటిక్ పని అంటే మొదట చెప్పాల్సింది ఇదే.

బోర్డు కింది సగం ఇంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఆసుపత్రి క్యాష్ కౌంటర్ వైపు చూడాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రలో అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఉచిత వైద్యం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు ఉన్న కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, డబ్బు ఆలస్యంగా వస్తుంది. బకాయిలు రాలేదని పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామనడం, కొన్నిసార్లు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. బీమా ఉన్న రోగి అయితే కంపెనీ అనుమతి కోసం ఎదురుచూపులు. కాస్మెటిక్ రోగి ముందే నగదు కడతాడు, రేటు ఆసుపత్రి ఇష్టం, మధ్యలో అడిగేవాడు ఎవడూ లేడు. థియేటర్ అద్దె, జీతాలు, కరెంటు బిల్లు మోస్తున్న చిన్న ఆసుపత్రికి అది ఆశ పుట్టించే లెక్కే. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కల్లా, అడిగేవాడు ఎవడూ లేకపోవడంలోనే ఉంది.

పై సగంలో కూడా అన్నీ ఇరవై నాలుగు గంటల నొప్పులు కావు. గజ్జల్లో హెర్నియానే తీసుకుందాం. పొట్ట గోడలో కండ బలహీనపడి ఏర్పడిన సందులోంచి పేగో కొవ్వో ముందుకు తోసుకొస్తుంది. గోడకు పడిన కన్నం మాత్రలతో మూసుకోదు, కాబట్టి మందులతో కరిగిస్తామనే ప్రకటనలను నమ్మడం దండగ. సందు మీద మెష్ అనే సన్నటి వల పరిచి కుట్టడమే ఇప్పుడు ఎక్కువగా జరిగే పద్ధతి. అలాగని ఉబ్బు కనిపించిన మర్నాడే బల్ల ఎక్కాలని లేదు. పెద్దగా నొప్పి లేని మగవాళ్లను ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ వచ్చిన ఒక అమెరికా పరిశోధన 2006లో వెలువడింది. అందులో పేగు ఇరుక్కుని అత్యవసరం అయినవాళ్లు ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరి లోపే. నొప్పి పెరిగి చివరికి చాలామంది ఆపరేషన్‌కే వస్తారు గానీ, షుగర్ అదుపులోకి తెచ్చుకోవడానికో, కోతల సీజన్ అయిపోవడానికో కొన్ని నెలలు ఆగే వెసులుబాటు ఉంటుంది. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం ఆ వెసులుబాటు అయిపోయినట్టే, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఆడవాళ్లకు తొడ మొదట్లో వచ్చే ఫిమోరల్ హెర్నియా ఇరుక్కుపోయే అవకాశం ఎక్కువ కాబట్టి దాన్ని వాయిదా వేయరు.

పిత్తాశయంలో రాళ్ల సంగతి ఇంకా తికమక. కడుపుబ్బరమని స్కానింగ్ తీయిస్తే రాళ్లు కనిపిస్తాయి, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఏ బాధా పెట్టకుండా ఉన్న రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. ఏటా అలాంటివాళ్లలో నూటికి ఒకరిద్దరికి మాత్రమే బాధ మొదలవుతుంది. అన్నం తిన్న కొంతసేపటికి కుడి డొక్కలో పట్టేసే నొప్పి, జ్వరం, కామెర్లు ఉంటే కథ వేరు. ఇంకో అపోహ ఏమిటంటే, రాళ్లు ఏరి తిత్తిని వదిలేస్తారనుకుంటారు. తిత్తి మొత్తాన్నే తీసేస్తారు, లేకపోతే రాళ్లు మళ్లీ తయారవుతాయి. కెమెరాతో, చిన్న రంధ్రాల ద్వారా దీన్ని తీయడం జర్మనీలో 1985లో మొదలైంది. మన దేశంలో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేశారు. ఇప్పుడు తాలూకా కేంద్రాల్లో కూడా జరుగుతోంది. ఇందులో భయపడాల్సింది పక్కనే ఉన్న పిత్తనాళం పొరపాటున తెగడం. రెండు మూడు వందల ఆపరేషన్లలో ఒకసారి జరిగే ప్రమాదం అది. లోపల అంతా అతుక్కుపోయి నాళం స్పష్టంగా కనపడనప్పుడు కెమెరా పక్కన పెట్టి పొట్ట తెరిచే సర్జన్‌ని ‘చేతకాలేదు’ అని తిట్టుకునే బంధువులు ఉంటారు. నిజానికి ఆ క్షణంలో ఆయన చేసింది సరైన పని.

మొలల గురించి చెప్పాలంటే లేజర్ అనే మాట దగ్గర మొదలుపెట్టాలి. బోర్డులో ఆ మాట ఉంటే రోగికి ధైర్యం, ఆసుపత్రికి రేటు. మొదటి, రెండో దశ మొలలకు చాలావరకు పీచు పదార్థం, నీళ్లు, ముక్కకుండా ఉండటం, కొందరికి మొల మొదట్లో రబ్బరు బ్యాండు బిగించడం సరిపోతాయి. మొలలు అనుకుని వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్నది ఫిషర్, అంటే చీలిక. ముందు వేలితో, మలద్వారం లోపల చూసే ప్రోక్టోస్కోప్ గొట్టంతో పరీక్ష చేయకుండా లేజర్ ప్యాకేజీ చెప్పే చోటు నుంచి లేచి రావడమే మేలు. నలభై ఐదు దాటినవాళ్లకు మలంలో రక్తం పడుతుంటే మొలలు కనిపించినా సరే, పైన పేగులో ఇంకేమైనా ఉందేమో చూడాలి.

ఇక కింది సగం. సర్జన్లను అడిగితే ఊళ్లలో కాస్మెటిక్ పని కోసం వచ్చే మగపిల్లల్లో ఎక్కువమంది రెండు పనుల మీద వస్తారంటారు, ఛాతీ, జుట్టు. వెనకాల పెళ్లి సంబంధమో ముహూర్తమో ఉంటుంది, చేతిలో టైము తక్కువ. మగవాళ్లకు రొమ్ము పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. యుక్తవయసులో వచ్చినది చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది, కాబట్టి పదిహేనేళ్ల కుర్రాడిని తల్లిదండ్రులు ఆదుర్దాగా థియేటర్‌కి తీసుకుపోనక్కర్లేదు. పెద్దవాళ్లలో అయితే మొదట కారణం వెతకాలి. కాలేయ జబ్బు, కొన్ని రకాల బీపీ, గుండె మందులు, జిమ్‌లో కండల కోసం వేసుకున్న స్టెరాయిడ్లు, అరుదుగా వృషణంలో కణితి, వీటిలో ఏదైనా కావచ్చు. కొవ్వు మాత్రమే ఉంటే గొట్టంతో లాగితే పోతుంది, గట్టి గ్రంథి ఉంటే కోసి తీయాల్సిందే. ఒకవైపే గట్టిగా, రాయిలా తగిలితే అది అందం సమస్య అనుకోకూడదు, ముందు పరీక్షకు పంపాలి. అంటే కింది సగానికి వచ్చాననుకున్న మనిషి పై సగం వాడని తేలవచ్చు. అది కనిపెట్టగల డాక్టర్ ఆ కుర్చీలో ఉన్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాస్తే సగం మంది వెనక్కి వెళ్లిపోతారు. నలభై దాటిన మన మగవాళ్లకు డోలులా బిగుసుకుని ఉండే బొజ్జలో కొవ్వు ఎక్కువగా పొట్ట గోడకు లోపల, పేగుల చుట్టూ ఉంటుంది. లైపోసక్షన్ గొట్టం చేరేది చర్మానికీ కండకీ మధ్యన ఉన్న కొవ్వును మాత్రమే. బొజ్జని చేత్తో పట్టుకుంటే దొరకనిది గొట్టానికీ దొరకదు. ఒక దఫాలో తీసే ద్రవం, కొవ్వు కలిపి 5 లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోసక్షన్‌గా లెక్కేస్తారు. అలాంటి మనిషిని ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి గమనించాలి. రక్తంలోకి కొవ్వు చేరి ఊపిరితిత్తులకు అడ్డుపడటం, కాలి సిరల్లో గడ్డ కట్టడం, ఒంట్లో నీటి శాతం తారుమారు కావడం అరుదే అయినా ప్రాణాంతకాలు. పొద్దున్న వచ్చి సాయంత్రం ఇంటికి అనే ప్రకటన ఎంత కొవ్వుకు వర్తిస్తుందో అడిగి తెలుసుకోవాలి.

జుట్టు విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. తల వెనక భాగంలో రాలని జుట్టు అనే నిల్వ ఎవరికైనా పరిమితమే, అక్కడి నుంచి తీసి ముందు నాటుతారు. కొత్త జుట్టు ఎక్కడి నుంచీ పుట్టదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి నుదుటి గీత కిందికి దించి నాటేస్తే, ముప్పై ఐదొచ్చేసరికి మధ్యలో జుట్టు రాలిపోయి, ముందు మాత్రం పాయలా మిగులుతుంది, పూడ్చడానికి నిల్వ ఉండదు. అందుకే నిదానమైన డాక్టర్ ముందు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ లాంటి మందుల గురించి మాట్లాడతాడు. నాటిన వెంట్రుకలు రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది దాకా పడుతుంది. రెండు నెలల్లో పెళ్లి పెట్టుకుని ఇప్పుడు నాటించుకుంటే మండపంలో కూర్చునేది అటూ ఇటూ కాని తలతోనే.

ఇదంతా ఎవరు చేయాలన్నది 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాల్లో చెప్పింది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సహా ఇలాంటి పనులు శిక్షణ పొందిన డాక్టర్ చేయాలి, టెక్నీషియన్ సాయం చేయవచ్చు గానీ మొత్తం పని అతనికి వదలకూడదు. వర్క్‌షాపులు, యూట్యూబ్ వీడియోలు చూడటం శిక్షణ కిందికి రాదని కూడా రాశారు. యూట్యూబ్ పేరు మార్గదర్శకాల్లోకి ఎక్కాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

పేరు పక్కన అక్షరాలు చదవడం పెద్ద విద్యేమీ కాదు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదివితే జనరల్ సర్జరీలో ఎంఎస్ లేదా డీఎన్‌బీ. ఆ తర్వాత ఇంకో మూడేళ్లు చదివితే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్. చర్మవ్యాధుల ఎండీ వేరే దారి. చర్మం మీద చేసే లేజర్లు, జుట్టు నాటడం వాళ్ల పరిధిలోవే, పొట్ట కోయడం కాదు. ఎఫ్ అనే అక్షరంతో మొదలయ్యే ఫెలోషిప్పుల్లో కొన్ని గట్టి శిక్షణలు, కొన్ని వారాంతపు కోర్సులు. ‘కాస్మెటాలజిస్ట్’ అనే మాట విన్నప్పుడు ముందు అసలు డిగ్రీ ఏమిటని అడగాలి. రెండు రాష్ట్రాల వైద్య మండళ్ల వెబ్‌సైట్లలో డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వెతుక్కోవచ్చు. ఎంఎస్ చేసిన జనరల్ సర్జన్‌కి కొవ్వు గడ్డలు, పుట్టుమచ్చలు, చెవి తమ్మెలు, గైనకోమాస్టియా కొత్తేమీ కాదు. ముక్కు, కనురెప్పలు, రొమ్ము ఆకారం, పెద్ద లైపోసక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఎంసీహెచ్ చదివిన మనిషి అవసరం కనిపిస్తుంది. మంచి సర్జన్లు ఈ గీతని తామే గీసుకుంటారు. వారానికో పదిహేను రోజులకో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ప్లాస్టిక్ సర్జన్‌ని పిలిపించుకునే నర్సింగ్ హోములు ఉన్నాయి. ఆ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఆదివారం ఆపరేషన్ చేసి రాత్రి రైలెక్కిన డాక్టర్, మంగళవారం గాయం చీము పడితే అందుబాటులో ఉండడు. అప్పుడు చూసే డాక్టర్ ఎవరో ఆదివారం కంటే ముందే తెలిసి ఉండాలి.

మత్తు దగ్గర హైదరాబాద్‌కి సొంత చరిత్రే ఉంది. 1888, 1889ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకుని, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. మత్తులో చావులు ఎలా వస్తున్నాయన్నది ప్రశ్న. ఊపిరే ముందు ఆగుతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని వాళ్లు తేల్చారు. గుండె మీద క్లోరోఫాం నేరుగా దెబ్బ కొట్టగలదని తర్వాతి పరిశోధనలు రుజువు చేయడంతో ఆ తీర్పు నిలవలేదు. మత్తులో ఉన్న మనిషి శ్వాసని వదలకుండా చూస్తూ ఉండటానికి ఒక మనిషి ప్రత్యేకంగా కావాలన్న మాట మాత్రం నిలిచింది. ఇప్పుడు పల్స్ ఆక్సీమీటర్ ఆ పనిలో సాయం చేస్తుంది, మనిషి స్థానంలో మాత్రం కూర్చోలేదు.

ఈ మనిషే కాస్మెటిక్ క్లినిక్కుల్లో ఎక్కువగా కనపడడు. ‘లోకల్ ఇంజక్షనే కదా’ అంటారు. లిడోకైన్ అనే ఆ మందుకీ హద్దుంది. మామూలుగా కిలో బరువుకి 4.5 మిల్లీగ్రాములు, అడ్రినలిన్ కలిపితే 7. చెవి తమ్మెకి పట్టేది చుక్కంత. తలంతా మొద్దుబార్చి ఆరేడు గంటలు కూర్చోబెట్టే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో మళ్లీ మళ్లీ ఇచ్చే ఇంజక్షన్లను కూడేవాడు లేకపోతే ఆ హద్దు దాటడం సులువు. దాటితే నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు, ఫిట్స్, గుండె లయ తప్పడం వరుసగా రావచ్చు. దానికి విరుగుడు సిరలోకి ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణం. ఆ సీసా ఉందా అని అడిగితే తెల్లముఖం వేసే క్లినిక్కులో ఆరు గంటల పని చేయించుకోవడం సాహసమే. ఇక వెన్నులో ఇచ్చే మత్తు వల్ల జీవితాంతం నడుంనొప్పి వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి రావడం నిజం, జీవితాంతపు నడుంనొప్పికి ఆధారం లేదు.

ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కాగితాన్ని చాలామంది చదవరు, చదవమని ఎవరూ అడగరు కూడా. సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఒక సంగతి తేల్చింది. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి అనుమతి కాదు, ప్రాణం మీదికి వస్తే తప్ప రోగి ఒప్పుకోని పనిని అదే మత్తులో చేసేయకూడదు. పై సగంలో ఈ అనుమతి పత్రం ఒక పేజీ ఉన్నా సర్దుకోవచ్చు. కింది సగంలో మాత్రం మచ్చ ఎక్కడ పడుతుంది, రెండు వైపులా సమానంగా రాకపోతే ఏం చేస్తారు, రెండోసారి చేయాల్సి వస్తే డబ్బు ఎవరు పెట్టుకోవాలి అన్నవి రాతలో ఉండాలి, ఎందుకంటే అక్కడ గొడవలు వచ్చేవి వాటి మీదే. ఫొటోలు తీసేటప్పుడు అవి ప్రకటనల్లో వాడతారా అన్నది కూడా. డాక్టర్లు రోగుల్ని ఆకర్షించేలా ప్రకటనలు ఇవ్వకూడదనీ, రోగిని పంపినందుకు కమిషన్లు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదనీ 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతుంది. రెండూ ఎలా అమలవుతున్నాయో బస్టాండ్ దగ్గరి హోర్డింగులను చూసినా, పల్లె నుంచి రోగిని వెంటబెట్టుకొచ్చి కౌంటర్ దగ్గర కాసేపు ఆగే ఆర్‌ఎంపీని చూసినా తెలుస్తుంది. అదే నియమావళి రోగికి ఉపయోగపడే మాట కూడా ఒకటి చెప్పింది. అడిగిన 72 గంటల్లో కేసు రికార్డులు ఇవ్వాలి.

ఇంటికి వెళ్లాక పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే గాయం చీము పడుతుందని మన పెద్దవాళ్ల గట్టి నమ్మకం. వంకాయ, గోంగూర, గుడ్డు కూడా ఆ లిస్టులో చేరతాయి. పది రోజులు బ్రెడ్డు, పాలు, చారన్నం. గాయం మానడానికి ఒంటికి కావాల్సింది మాంసకృత్తులు, పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నవి అవే. చీముకు కారణం క్రిములు, అదుపులేని షుగర్, పొగతాగడం, తడిసిన కట్టు. డిశ్చార్జి రోజున నర్సు రెండు నిమిషాలు కూర్చుని, ముసలమ్మ వినేలా ‘పప్పు పెట్టండమ్మా’ అని చెప్పే ఆసుపత్రులు తక్కువ. ఊరి ఆసుపత్రికి కార్పొరేట్ ఆసుపత్రి మీద ఉన్న ఆధిక్యం ఇక్కడే కనపడాలి. కుట్లు విప్పించుకోవడానికి వంద కిలోమీటర్లు పోనక్కర్లేదు, రాత్రి పదింటికి కట్టు తడిస్తే ఫోన్ ఎత్తే మనిషి అదే వీధిలో ఉంటాడు. ఎత్తుతాడా లేదా అన్నది ఆ వీధిలో అందరికీ తెలిసే ఉంటుంది. హోర్డింగ్ కంటే వీధి కబురే ఈ విషయంలో నమ్మదగ్గది.

చివరగా, తీసిన గడ్డ సంగతి. ఆపరేషన్ అవగానే సీసాలో పెట్టి బయట కూర్చున్న బంధువులకు చూపించడం మన దగ్గర ఒక ఆనవాయితీ. రాళ్లయితే పొట్లం కట్టి ఇస్తారు, అవి ఇంట్లో బీరువాలో ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ పిత్తాశయమైనా, మెడ మీద గడ్డయినా, కుర్రాడి ఛాతీలోంచి తీసిన గ్రంథి అయినా ఫార్మలిన్‌లో వేసి బయాప్సీకి పంపాలి. కాస్మెటిక్ ప్యాకేజీల్లో ఆ పరీక్ష ఖర్చు చాలాసార్లు కలపరు, ఎవరూ అడగరు కాబట్టి సీసా చూపించడంతో సరిపోతుంది. రిపోర్టు రావడానికి వారం దాకా పడుతుంది. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజునే దాన్ని అడిగి తీసుకుని, డిశ్చార్జి కాగితాలతో పాటు ఫైల్లో పెట్టుకోవాలి.